రిటైరైన ఎకనామిక్స్ ప్రొఫెసర్లకు మళ్లీ గది, ఫెలోషిప్ ఎందుకు?

పాలమూరు పార్ట్‌టైమర్: తెలంగాణలో యూనివర్సిటీ ప్రొఫెసర్ల రిటైర్మెంట్ వయసును 2025 జనవరిలో 60 నుంచి 65 చేశారు. సరే. అదీ దాటాక ‘ఎమెరిటస్’ అని మళ్లీ గది, నెలనెలా ఫెలోషిప్. జీవితమంతా కౌలు మీదే రాసిన సారు 70 ఏళ్లకు కొత్తగా ఏం కనిపెడతారు?

ఊటకుంట: అన్నా, ఎకనామిస్ట్ సి.హెచ్.హనుమంతరావు గారు మన కరీంనగర్ మనిషే. 1929లో పుట్టారు. కరువు ప్రాంతాల పథకాలు ఎందుకు ఫలించడం లేదో చూడమని కేంద్రం వేసిన కమిటీ ఆయన అధ్యక్షతన 1994లో రిపోర్టు ఇచ్చింది. అప్పటికి ఆయనకు దాదాపు 65. మరుసటేడు అమల్లోకి వచ్చిన వాటర్‌షెడ్ (వాన నీళ్లు ఒకే వాగులోకి చేరే ప్రాంతం) మార్గదర్శకాలకు అదే మూలం. శాఖకో ముక్కగా కాకుండా, దాదాపు 500 హెక్టార్లను ఒకే వాటర్‌షెడ్‌గా తీసుకుని పెత్తనం ఊరి కమిటీకివ్వాలన్నారు. మా గుట్ట కింద కందకాలు ఆ లెక్కన తవ్వినవే. అంతకుముందు వ్యవసాయం మీద దశాబ్దాలు పనిచేశారు కాబట్టే ఆ కిటుకు తెలిసింది.

లెక్కల మాస్టారు: కమిటీ రిపోర్టు వేరు, రీసెర్చ్ వేరు.

ఊటకుంట: ఆ రిపోర్టు ఆకాశం నుంచి ఊడిపడిందా మాస్టారూ?

లెక్కల మాస్టారు: ప్రభుత్వం అడిగితే రాశారు. అడిగితే రాసేది రీసెర్చ్ కాదు.

బెజవాడ బాటసారి: గది సంగతి తర్వాత. మా సారుకు లైబ్రరీ కార్డు కూడా తీసేశారు.

గోదారి గట్టు: కౌలు మీద కొత్తగా ఏముంటుందా? మా నాన్న 1983లో ఒకే ఊళ్లో రెండు వందల పైచిలుకు ఇళ్లు తిరిగి వివరాలు రాసుకున్నారు. రిటైరయ్యాక అవే గడపలు మళ్లీ తొక్కి, ఆనాటి కౌలుదారు కొడుకు ఇప్పుడేం చేస్తున్నాడో అడగాలని ఆయన కోరిక. ఈలోపు డిపార్ట్‌మెంట్‌లో ఆయన బీరువా ఖాళీ చేసి కాగితాలు తూకానికి అమ్మేశారు. ఇంట్లో ఒక్క కట్ట మిగిలింది, పురికొసతో కట్టి. పై కాగితం మీద ఆయన రాత: ‘ఎకరాకు 11 బస్తాలు. మాట మీదే, కాగితం లేదు.’

పాలమూరు పార్ట్‌టైమర్: మేడమ్, మీ నాన్నగారికి పెన్షన్ వస్తుంది. నాకు క్లాసుకింత అని లెక్కగట్టి ఇస్తారు, వేసవిలో అదీ లేదు. పీహెచ్‌డీ వచ్చి పదకొండేళ్లు. మా దగ్గర ఎమెరిటస్ సారు గదికి ఎప్పుడూ తాళమే. నేను మెట్ల మీద కూర్చుని పేపర్లు దిద్దుతున్నాను.

ఊటకుంట: అంటే నీ గొడవ రీసెర్చ్ మీద కాదన్నమాట.

పాలమూరు పార్ట్‌టైమర్: కాదన్నా! ఆయన పోస్టు నింపలేదు. ఇప్పుడు 65 చేసి ఇంకో ఐదేళ్లు నోటిఫికేషన్ ఊసే లేకుండా చేశారు. అప్పటికి నాకు యాభై.

గోదారి గట్టు: మా నాన్న పోస్టు కూడా ఈనాటికీ ఖాళీయే తమ్ముడూ. బీరువా ఉన్నచోట జిరాక్స్ మిషన్ పెట్టారు.

లెక్కల మాస్టారు: కమిటీ రిపోర్టు రీసెర్చ్ ఎలా అవుతుందో ఇంకా ఎవరూ చెప్పలేదు.