ఎస్‌ఎంపీఎస్ మార్చాక సిస్టమ్ ఆన్ అవ్వట్లేదు, ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది

గోదారిగట్టు:
మొన్న ఉరుముల రాత్రి పాత ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) పోయింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి 650 వాట్స్ మాడ్యులర్ (వైర్లు సప్లై నుంచి ఊడదీయగలిగేది) తెప్పించి నేనే బిగించాను. బటన్ నొక్కితే సీపీయూ ఫ్యాన్ అర చుట్టు తిరిగి ఆగిపోతోంది. మళ్లీ నొక్కితే ఏమీ లేదు. వెనక స్విచ్ ఆపి కాసేపాగి వేస్తే మళ్లీ అదే అర చుట్టు. మదర్‌బోర్డుకి వెళ్లే 24 పిన్, సీపీయూ దగ్గరి 8 పిన్, గ్రాఫిక్స్ కార్డువి అన్నీ కొత్త వైర్లే. పాతది కూడా మాడ్యులరే, వేరే కంపెనీది. డిస్కులకు వెళ్లే సాటా వైర్లు మాత్రం ట్యాగులు కోసి మళ్లీ కట్టే ఓపిక లేక పాతవే ఉంచేశాను, కొత్తదాంట్లో చక్కగా పట్టాయి. ఇన్వర్టర్ లైన్ మీద ఉంది, దాని వల్లా? ఇంకోటి, క్యాబినెట్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంది, అది మొదటి నుంచీ ఉన్నదే. షాపతను "మీరే బిగించుకున్నారు కాబట్టి వారంటీ రాదు" అంటున్నాడు. నిజమేనా?

స్క్రూడ్రైవర్:
24 పిన్ పీకేసి, ఆకుపచ్చ వైరుకీ పక్కనున్న నల్ల వైరుకీ పేపర్ క్లిప్ పెట్టు బ్రో, బోర్డు లేకుండానే సప్లై ఆన్ అవుతుంది. ఫ్యాన్ తిరిగితే సప్లై ఓకే. రెండు నిమిషాల పని.

బెంచిమీద19ఏళ్లు:
ఇప్పటి వైర్లన్నీ నల్లవే నాయనా, ఆకుపచ్చది ఎక్కడ వెతుకుతాడు? 16వ పిన్ అని చెప్పాలి. పైగా ఫ్యాన్ తిరిగితే ఓకే అన్నవాళ్లు నా బెంచి ముందు ఎంతమంది తలదించుకున్నారో. లోడ్ లేకుండా పాడైనవీ తిరగొచ్చు. మీటర్ పెట్టి 12 వోల్టుల లైన్ చూడాలి, 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. కొన్ని మోడళ్లలో అయితే లోడ్ లేకపోతే సప్లై బాగున్నా ఫ్యాన్ తిరగదు. 19 ఏళ్లుగా ఇదే పని, నేర్చుకుని రాయండి.

స్క్రూడ్రైవర్:
సర్లెండి గురువుగారూ, అతని దగ్గర మీటర్ ఉందో లేదో ముందు అడగండి.

పల్నాటిపిల్లి:
ర్యామ్ తీసి పెన్సిల్ రబ్బరుతో రుద్ది పెట్టండి. మా ఇంట్లో మూడుసార్లు దాంతోనే బాగయింది.

ఎర్తుగుంట:
జిల్లుమంటోందని అతనే చెప్తున్నాడు, ఎవరూ పట్టించుకోరేం? ఇంటికి ఎర్తింగ్ లేదు. రోగం అదే. ఉప్పు, బొగ్గు వేసి గుంట తవ్వించండి, అన్నీ సర్దుకుంటాయి.

స్క్రూడ్రైవర్:
ఎర్త్ లేకపోతే సిస్టమ్ ఆన్ అవ్వదా? మా ఊళ్లో సగం ఇళ్లకి ఎర్తే లేదు, అందరి కంప్యూటర్లూ నడుస్తున్నాయి.

ఎర్తుగుంట:
నడవడం వేరు, నిలవడం వేరు. మీ ఊళ్లో ఎన్ని బోర్డులు కాలాయో లెక్కపెట్టారా?

సర్క్యూట్‌అక్క:
ఇద్దరూ కాస్త ఆగండి. ఎస్‌ఎంపీఎస్ లోపలికి కరెంటు వచ్చే చోట ఫిల్టర్ ఉంటుంది. ఫేజు నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి, రెండు చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కాస్త లీకేజీ దాంట్లోకి పోతుంది. లేకపోతే బాడీ 230లో సగం దగ్గర, అంటే సుమారు 115 వోల్టుల దగ్గర తేలుతుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి జిల్లుమనడంతో సరిపోతుంది. ఎర్త్ వేయించాల్సిందే, కానీ ఫ్యాన్ ఆగిపోవడానికి కారణం అది కాదు.

పల్నాటిపిల్లి:
115 వోల్టులా!! మా పాప రోజూ ఆ డబ్బా మీద కాలు పెట్టుకుని చదువుకుంటుంది. మా ఎలక్ట్రీషియన్ ప్లగ్గులో న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ చిన్న వైరు లింకు వేశాడు, అప్పటి నుంచి జిల్లు లేదు. అది చాలు కదా?

సర్క్యూట్‌అక్క:
అమ్మో, అది ఈ రోజే తీయించండి! ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే డబ్బాకి నేరుగా 230 వస్తుంది. జిల్లు కాదు, ప్రాణం పోతుంది.

బెంచిమీద19ఏళ్లు:
ఆ లింకు నేను వందల ఇళ్లలో చూశాను, ఎవరికీ ఏమీ కాలేదు. ఆన్‌లైన్‌లో చదివి జనాన్ని భయపెట్టకండి.

సర్క్యూట్‌అక్క:
నేను చదివింది ఆన్‌లైన్‌లో కాదు, పాలిటెక్నిక్‌లో పాఠం చెబుతాను. ఏమీ కాలేదంటే న్యూట్రల్ ఇంకా తెగలేదని. మీ 19 ఏళ్లకో దండం.

ఎర్తుగుంట:
చూశారా, చివరికి అందరూ ఎర్తింగ్ దగ్గరికే వచ్చారు.

రాత్రిడ్యూటీ:
ఇన్వర్టర్ సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి నా గోడు చెప్తాను. నాది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్, మెయిన్ కరెంటులా నున్నటి అల ఇవ్వదు. పాత సప్లై ఏ గొడవా లేకుండా నడిచింది. యాక్టివ్ పీఎఫ్‌సీ (గోడ నుంచి కరెంటు తీసుకునే తీరుని సరిచేసే సర్క్యూట్) ఉన్న కొత్తది పెట్టాక కరెంటు పోయి ఇన్వర్టర్‌కి మారిన ప్రతిసారీ సిస్టమ్ రీస్టార్ట్. మెయిన్ కరెంటు లాంటి అల ఇచ్చే సైన్ వేవ్‌ది కొన్నాక గానీ ప్రశాంతత లేదు. ఆ డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు వచ్చేది. ఈ ధరల్లో ఇక కొన్నట్టే.

స్క్రూడ్రైవర్:
కార్డు ధరలు మొదలెట్టావంటే తెల్లారిపోద్ది అన్నా, వద్దు.

మౌనరాగి:
ఎవరైనా మొదటి పోస్టు పూర్తిగా చదివారా? సాటా వైర్లు పాత సప్లైవే ఉంచానని రాశాడు, అదీ వేరే కంపెనీది. డిస్కు వైపు పిన్నుల వరస అందరిదీ ఒకటే, కానీ సప్లై వైపు వరస ఎవరి ఇష్టం వాళ్లది. ప్లగ్గు పట్టినంత మాత్రాన సరిపోయినట్టు కాదు. 5 వోల్టులు వెళ్లాల్సిన తీగలో 12 వెళ్లి ఉండొచ్చు. అర చుట్టు తిరిగి ఆగడం, వెనక స్విచ్ ఆపితే గానీ మళ్లీ కదలకపోవడం, ఇది షార్ట్ చూసి సప్లై తనను తాను ఆపుకునే లక్షణం. గోదారిగట్టు గారూ, ఇక బటన్ నొక్కకండి. గోడ ప్లగ్గు తీసి, ఆ పాత వైర్లు రెండు వైపులా పీకేసి, డిస్కులు లేకుండా ఒక్కసారి చూడండి.

బెంచిమీద19ఏళ్లు:
నేనూ అదే చెప్పబోతున్నాను.

స్క్రూడ్రైవర్:
😂😂

గోదారిగట్టు:
ఇప్పుడే పీకి చూశాను. ఆన్ అయింది, డిస్‌ప్లే కూడా వచ్చింది! ఎస్ఎస్‌డీకి కొత్త వైరు పెడితే విండోస్ వచ్చింది. కానీ 2 టీబీ హార్డ్ డిస్కు పెట్టగానే మళ్లీ అర చుట్టు, ఆగిపోవడం. మా చెల్లి పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. వేరే కాపీ లేదు. బుర్ర పనిచేయట్లేదు.

మౌనరాగి:
కంగారు పడకండి. డిస్కు అడుగున ఉండే పచ్చ బోర్డు మీద టీవీఎస్ డయోడ్లు ఉంటాయి (బండి కంపెనీ కాదు). ఎక్కువ వోల్టేజి వస్తే అవి తాము షార్టయి మిగతా బోర్డుని కాపాడతాయి. చాలాసార్లు పోయేది అదొక్కటే. అది తీసేస్తే డిస్కు తిరగొచ్చు, కానీ ఆ తర్వాత రక్షణ ఉండదు, వెంటనే ఫొటోలు కాపీ చేసుకోవాలి. పెళ్లి ఫొటోలంటున్నారు కాబట్టి మీరు సోల్డరింగ్ జోలికి వెళ్లొద్దు. డేటా రికవరీ చేసేవాళ్లకే ఇవ్వండి. ముందు రేటు అడగండి, "డయోడ్ చూడండి" అని మీరే చెప్పండి. లేకపోతే మోటార్ పోయిందంటారు.

బెంచిమీద19ఏళ్లు:
విజయవాడ దాకా రాగలిగితే నేను చూస్తాను. డయోడ్ అయితే డబ్బులు తీసుకోను.

గోదారిగట్టు:
థాంక్స్ అన్నా, ఆదివారం వస్తాను. మౌనరాగి గారూ, మీకు రుణపడ్డాను. అన్నట్టు వారంటీ సంగతి ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.

పల్నాటిపిల్లి:
ఆ లింకు వైరు తీయించేశాను. ఎర్తుగుంట గారూ, గుంటకి ఉప్పు కళ్లుప్పేనా, ప్యాకెట్‌దైనా పర్లేదా?