కే6 స్క్రిప్ట్‌లో ఎన్‌పీఎం ప్యాకేజీ వాడాలి, బండిల్ చేసినా రన్ కావట్లేదు

కొత్త_క్యూఏ:
అందరికీ నమస్తే. మాన్యువల్ టెస్టింగ్ నుంచి ఈమధ్యే లోడ్ టెస్టింగ్‌కి (ఒకేసారి చాలామంది వాడితే సర్వర్ తట్టుకుంటుందా అని చూసే పని) మారాను, దానికి వాడే టూలే కే6, కాబట్టి ప్రశ్న మరీ చిన్నపిల్లల ప్రశ్నలా ఉంటే ఏమనుకోకండి. మా పేమెంట్ ఏపీఐకి వెళ్లే ప్రతి రిక్వెస్ట్ హెడర్‌లో, అది అసలైనదేనని చూపే సిగ్నేచర్ ఉండాలి. అది తయారుచేసే ఎన్‌పీఎం ప్యాకేజీ (రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడ్) మా డెవ్ వాళ్లు రాసిందే, ప్రైవేట్ రిజిస్ట్రీలో ఉంది, లోపల క్రిప్టో-జేఎస్ అనే క్రిప్టోగ్రఫీ లైబ్రరీ వాడుతుంది. నోడ్‌లో (బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్‌ని నడిపేది) హాయిగా పనిచేస్తుంది. కే6 స్క్రిప్ట్‌లో అదే ఇంపోర్ట్ లైన్ రాస్తే మాడ్యూల్ దొరకలేదంటోంది, పక్కనే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ ఉన్నా సరే.

బండిల్ చేయాలని, అంటే స్క్రిప్ట్‌నీ ప్యాకేజీలనీ ఒకే ఫైల్‌గా కలపాలని ఎక్కడో చదివి, ఆ పని చేసే ఈఎస్‌బిల్డ్ పెట్టాను. ముందు కే6 హెచ్‌టీటీపీ మాడ్యూల్ దొరకలేదని బిల్డే ఆగిపోయింది. దాన్ని ఎక్స్‌టర్నల్ అని (బండిల్‌లో కలపకుండా వదిలేయమని) చెప్పాక బిల్డ్ అయింది గానీ, రన్ చేస్తే ‘నో ఎక్స్‌పోర్టెడ్ ఫంక్షన్స్ ఇన్ స్క్రిప్ట్’ అంటోంది. ఎక్స్‌పోర్ట్ చేసిన డిఫాల్ట్ ఫంక్షన్ కళ్లముందే ఉంది! సోమవారం డెమో, టెన్షన్‌గా ఉంది. స్క్రిప్ట్ ఆఫీస్ ల్యాప్‌టాప్‌లో ఉంది, ఇక్కడ పేస్ట్ చేయలేను.

పాత_టెస్టర్:
ఇక్కడికి వచ్చే ప్రతివాళ్లూ తగులుకునే రాయే ఇది, మొహమాటపడకండి. కే6లో రాసేది జావాస్క్రిప్టే గానీ కింద నడిచేది నోడ్ కాదు. కే6ని గో భాషలో రాశారు, మన స్క్రిప్ట్‌ని గోలోనే రాసిన ఇంజిన్ నడుపుతుంది, ముందు గోజా ఉండేది, ఇప్పుడు దాని ఫోర్క్ (అదే కోడ్ తీసుకుని విడిగా పెంచుతున్నది) సోబెక్. నోడ్ మాడ్యూల్స్‌లో వెతకడం నోడ్‌కి ఉన్న అలవాటు, దీనికి లేదు. మీరిచ్చిన ఫైల్ పాత్, లేదా యూఆర్ఎల్, లేదా కే6తో వచ్చే సొంత మాడ్యూల్స్, ఇవే దానికి తెలుసు. కొత్త వెర్షన్లలో టైప్‌స్క్రిప్ట్ నేరుగా రన్ అవుతోంది కదా, ఎన్‌పీఎం ప్యాకేజీలూ వచ్చేస్తాయిలే అనుకుంటారు కొందరు. రావు.

మీ ఎర్రర్‌కి కారణం అవుట్‌పుట్ ఫార్మాట్. ఈఎస్‌బిల్డ్‌కి మీరేమీ చెప్పకపోతే బ్రౌజర్ కోసమే అనుకుని మొత్తం కోడ్‌ని ఒక ఫంక్షన్‌లో చుట్టేస్తుంది, దాంతో మీ ఎక్స్‌పోర్టులన్నీ లోపలే ఉండిపోతాయి, కే6కి బయట ఏమీ కనబడదు. ఫార్మాట్‌ని ఈఎస్ఎం అనో సీజేఎస్ అనో (జావాస్క్రిప్ట్ మాడ్యూల్స్ రాసే రెండు పద్ధతులు) స్పష్టంగా ఇవ్వండి. ప్లాట్‌ఫామ్ మాత్రం నోడ్ అని పెట్టకండి, అప్పుడు నోడ్ సొంత మాడ్యూల్స్‌ని పిలిచే లైన్లు అలాగే మిగిలిపోయి రన్‌లో పేలతాయి. బండిల్ చేయడానికి వెబ్‌ప్యాక్ వాడేవాళ్లయితే లైబ్రరీ టార్గెట్ కామన్‌జేఎస్ (అదే సీజేఎస్), ఎక్స్‌టర్నల్స్‌లో కే6తో మొదలయ్యేవీ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యేవీ రెండూ పెట్టాలి. పాత పోస్టుల్లో బ్రౌజరిఫై అనే పాత బండ్లర్ కనబడుతుంది, ఇప్పుడు దాని జోలికి వెళ్లనక్కర్లేదు.

ఇంకొకటి, బండిల్ చేస్తే ప్రతి లైబ్రరీ పనిచేస్తుందని కాదు. ఫైల్ సిస్టమ్‌నో నెట్‌వర్క్‌నో నోడ్ ద్వారా ముట్టుకునేవి ఎంత చుట్టినా నడవవు. హెచ్‌టీటీపీ రిక్వెస్టులు పంపే యాక్సియోస్ లైబ్రరీని తెచ్చి పెట్టాలని మా టీమ్‌లో ఒకాయన రెండు రోజులు కూర్చున్నాడు. అది నడిచినా లాభమేంటి, కే6 హెచ్‌టీటీపీ కొలతలన్నీ దాని సొంత హెచ్‌టీటీపీ మాడ్యూల్ ద్వారా వెళ్లే రిక్వెస్టులవే కదా.

కొత్త_క్యూఏ:
ఫార్మాట్ మార్చగానే రన్ అయింది, చాలా థ్యాంక్స్ అన్నా! 10 మంది వర్చువల్ యూజర్లతో (కే6 పుట్టించే ఉత్తుత్తి యూజర్లు) అంతా పచ్చగానే ఉంది. ఇప్పుడు రెండు కొత్త తలనొప్పులు. బిల్డ్ ఫోల్డర్‌లోని ఫైల్ రన్ చేస్తుంటే టెస్ట్ యూజర్ల వివరాలున్న సీఎస్‌వీ ఫైల్ దొరకట్లేదంటోంది, ప్రస్తుతానికి ఫైల్‌ని అక్కడికి కాపీ చేశాను. రెండోది, 500 పెడితే 8 జీబీ ల్యాప్‌టాప్ చేతులెత్తేసింది. సర్వర్ మీద లోడ్ పెడదామంటే నా మెషినే కూలబడింది.

రాత్రి_షిఫ్ట్:
సీఎస్‌వీ సంగతి చిన్నది. ఫైల్ చదివే ఓపెన్ ఫంక్షన్, రన్ అయ్యే స్క్రిప్ట్ ఉన్న చోటి నుంచి పాత్ లెక్కేస్తుంది, బండిల్ వేరే ఫోల్డర్‌లో పడింది కాబట్టి లెక్క తప్పింది. కాపీ చేయడం తప్పేం కాదు, బిల్డ్ స్టెప్‌లోనే కాపీ అయ్యేలా పెట్టుకోండి.

అసలు విషయం మెమరీ. కే6లో ప్రతి వర్చువల్ యూజర్‌కీ విడిగా ఒక జావాస్క్రిప్ట్ రన్‌టైమ్ ఉంటుంది. మీరు 500 పెడితే మీ బండిల్‌లోని సరుకంతా 500 సార్లు లోడ్ అవుతుంది, సీఎస్‌వీ కూడా మామూలు అర్రేలో పెట్టి ఉంటే అదీ 500 కాపీలే. మామూలు స్క్రిప్ట్‌కే ఒక్కో యూజర్‌కి 1 నుంచి 5 ఎంబీ అని డాక్యుమెంటేషన్‌లో ఉంటుంది, దాని మీద లైబ్రరీల బరువు మనం వేసేదే. సీఎస్‌వీని షేర్డ్ అర్రేలోకి మార్చండి, పాపాపార్స్‌తో (సీఎస్‌వీని విడగొట్టి చదివే లైబ్రరీ) పార్స్ చేసే పని కూడా దాని కాల్‌బ్యాక్ లోపలే పెట్టండి, అప్పుడు పార్సింగ్ ఒక్కసారే జరుగుతుంది, డేటా అందరికీ ఒకటే కాపీ.

తర్వాత అడగాల్సింది ఏంటంటే, అసలు క్రిప్టో-జేఎస్ ఎందుకు? హెచ్‌మాక్ (సీక్రెట్ కీతో సిగ్నేచర్ లెక్కగట్టే పద్ధతి) కే6 సొంత క్రిప్టో మాడ్యూల్‌లోనే ఉంది, అది గోలో నడుస్తుంది. క్రిప్టో-జేఎస్ అదే లెక్కని మొత్తం జావాస్క్రిప్ట్‌లో చేస్తుంది, ప్రతి రిక్వెస్ట్‌కీ, ప్రతి యూజర్‌కీ. లోడ్ పుట్టించే మెషిన్ సీపీయూ నిండిపోతే రెస్పాన్స్ టైములు కూడా ఎక్కువ చూపిస్తాయి, అప్పుడు మీరు డెవ్ వాళ్ల మీదికి వెళ్తారు, వాళ్లేమో సర్వర్ ఖాళీగా ఉంది చూడండంటారు. ఆ మీటింగ్‌లో నేను కూర్చున్నాను, మీకు వద్దు.

పాత_టెస్టర్:
అది నిజమే గానీ ఒక్క మాట. వాళ్ల ప్యాకేజీ సిగ్నేచర్ ఒక్కటే చేయదు కదా, రిక్వెస్ట్‌లోని ఫీల్డ్స్‌ని ఏ వరుసలో పేర్చాలో, ఖాళీవి ఏం చేయాలో కూడా అందులోనే ఉంటుంది. అదంతా మనం మళ్లీ రాస్తే, రేపు వాళ్లు రూల్ మార్చిన రోజున టెస్ట్ మొత్తం 401 (అనుమతి లేదనే ఎర్రర్). పేర్చే భాగాన్ని మాత్రమే ఇంపోర్ట్ చేసి బండిల్ చేయండి, చివరి హెచ్‌మాక్ ఒక్కటీ కే6కి వదిలేయండి. ఆ రెండూ ప్యాకేజీలో విడివిడి ఫైళ్లు కాకపోతే డెవ్ వాళ్లని అడగండి, అరగంట పని.

కొత్త_క్యూఏ:
అడిగాను, కాస్త గొణిగి విడదీసి ఇచ్చారు. హెచ్‌మాక్‌ని కే6కి మార్చగానే అన్నీ 401 వచ్చి గుండె జారిపోయింది. చూస్తే సీక్రెట్ కీ బేస్64లో (బైట్స్‌ని మామూలు అక్షరాలుగా రాసే పద్ధతి) ఉంది, పాత ప్యాకేజీ దాన్ని లోపలే డీకోడ్ చేసేసేది, నేనేమో ఆ స్ట్రింగ్‌నే కీగా ఇచ్చేశాను. కే6 ఎన్‌కోడింగ్ మాడ్యూల్‌తో డీకోడ్ చేసి, స్ట్రింగ్‌గా కాకుండా వచ్చిన బైట్స్‌ని అలాగే ఇచ్చాక సరిపోయింది. అదే ల్యాప్‌టాప్‌లో 500 మంది నడిచారు, ఫ్యాన్ మాత్రం ఫ్లైట్ ఎగురుతున్నట్టే తిరిగింది.

చివరగా ఒకటి. డేట్ కోసం ఒక చిన్న లైబ్రరీని యూఆర్ఎల్ నుంచి నేరుగా ఇంపోర్ట్ చేశాను. దాన్ని కూడా బండిల్‌లో కలపాలా?

రాత్రి_షిఫ్ట్:
మీ సీఐ మెషిన్‌కి (టెస్టుల్ని ఆటోమేటిక్‌గా నడిపేది) బయటి ఇంటర్నెట్ ఉందా లేదా, దాన్నిబట్టే. పేమెంట్ ఏపీఐ అంటున్నారు కాబట్టి ఉండకపోవచ్చు, అప్పుడు ఎన్‌పీఎం నుంచి తెచ్చుకుని బండిల్‌లో కలిపేయండి. యూఆర్ఎలే ఉంచుతానంటే అందులో వెర్షన్ నంబర్ ఉండేలా చూసుకోండి, ఎప్పుడూ లేటెస్ట్‌నిచ్చే లింక్ పెడితే ఒకరోజు ఏ కారణం లేకుండా ఆగిపోతుంది. లేదా ఇంటర్నెట్ ఉన్న మెషిన్‌లో కే6 ఆర్కైవ్ కమాండ్ ఇవ్వండి, స్క్రిప్టూ ఇంపోర్టులూ సీఎస్‌వీతో సహా ఒక టార్ ఫైల్‌లోకి వచ్చేస్తాయి, సీఐలో దాన్నే రన్ చేయొచ్చు. ఆ టార్‌లో మీ టెస్ట్ యూజర్ల పాస్‌వర్డులు కూడా ఉంటాయి, ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి.