అప్‌డేట్: జాతర నవలకు పాఠకులే అండగా నిలిచారు

తిరుపతి గంగమ్మ జాతర నేపథ్యంగా రాసిన నవలను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టి, పాఠకుల సాయం అడగవచ్చా అని ఆరు నెలల క్రితం మిమ్మల్ని అడిగాను కదా. అడిగాను, ఇచ్చారు! వారానికో అధ్యాయం పెట్టి, చివర యూపీఐ క్యూఆర్ కోడ్ ఉంచాను. మొదటి నెల ఒక్క రూపాయి రాలేదు. జాతరలో భక్తులు కట్టే బైరాగి, బండ, తోటి వేషాల అధ్యాయాలు మొదలయ్యాక పరిస్థితి మారింది. చిన్నప్పుడు వేషం కట్టిన ఒక పెద్దాయన ₹101 పంపి, తోటి వేషానికి ఒంటికి బొగ్గు పూసుకునే తీరు నేను తప్పుగా రాశానని ఓపిగ్గా సరిదిద్దారు. ఆ సవరణకు వెల కట్టలేను.

కథ దొంగిలిస్తారేమోనన్న భయం గురించి: 1957 చట్టం ప్రకారం రాయగానే కాపీరైట్ రచయితదే, నమోదు తప్పనిసరి కాదు. అయినా ₹500 కట్టి దరఖాస్తు చేశాను.

ముద్రణకు ఇంకా సగం డబ్బు కావాలి. చివరి అధ్యాయం గురువారం పెడతాను.