పచ్చడి జార్ల లేబుల్స్: కొటేషన్‌లో ఈ మాటలకి అర్థం చెబుతారా?

నరసాపురం పచ్చళ్లు
అందరికీ నమస్కారం అండి. ఇంట్లోనే ఆవకాయ, గోంగూర, రొయ్యల పచ్చడి పెట్టి అరకిలో పెట్ (ప్లాస్టిక్) జార్లలో అమ్ముతున్నాం. ఇప్పుడున్న పేపర్ స్టిక్కర్లకి నూనె తగిలితే మచ్చలు పడుతున్నాయి, అంచులు లేస్తున్నాయి. వేరే ప్రెస్‌ని అడిగితే ఇలా రాసి పంపారు: "క్రోమో లేదా వైట్ పీపీ, మ్యాట్ లామినేషన్, కిస్ కట్, రోల్ ఫామ్, 3 అంగుళాల కోర్. డై, ప్లేట్ చార్జీలు అదనం. ఆర్ట్‌వర్క్ 3 ఎంఎం బ్లీడ్‌తో, కర్వ్స్ చేసి పంపాలి." దేనికి డబ్బు కడుతున్నానో తెలియక టెన్షన్‌గా ఉంది.

బెజవాడ లేబుల్ ప్రెస్
అమ్మా, ముందు మెటీరియల్ తేల్చుకోండి. మిగతావన్నీ దాని తర్వాతే.

క్రోమో అంటే ఒకవైపు నున్నటి కోటింగ్ ఉన్న కాగితం. చవక, రంగు బాగా పడుతుంది, కారప్పొడి, అప్పడాల ప్యాకెట్లకి చాలు. పచ్చడికి మాత్రం నేను వద్దనే చెబుతాను. పైన లామినేషన్, అంటే పల్చటి ప్లాస్టిక్ పొర (మ్యాట్ అంటే మెరుపు లేనిది), వేసినా కోసిన అంచు తెరుచుకునే ఉంటుంది, నూనె అక్కడి నుంచే లోపలికి పాకుతుంది. పీపీ అంటే ప్లాస్టిక్ ఫిల్మ్, నూనె పీల్చదు. రేటు ఎక్కువే, అయినా మీకు అదే సరి. తెల్లదే తీసుకోండి. ట్రాన్స్‌పరెంట్ పీపీ మీద వేస్తే కింద తెల్ల ఇంకు పొర లేకపోతే అక్షరాలు ఆవకాయ ఎరుపులో కలిసిపోతాయి.

పీపీ వేసినా జారు మీద నూనె చెయ్యి పడ్డాక అంటిస్తే గమ్ పట్టదు. ఖాళీ జారుకి, పొడిగా ఉన్నప్పుడే అంటించి, తర్వాత పచ్చడి నింపండి. లేబుల్ మూలలు గుండ్రంగా కోయించండి, కోసు మూలలే ముందు లేస్తాయి. జారు కిందకి సన్నబడే రకమైతే తిన్నటి లేబుల్ ముడత పడుతుంది. ఒక కాగితం ముక్క జారు చుట్టూ చుట్టి చూస్తే తెలిసిపోతుంది.

కిస్ కట్ అంటే పై స్టిక్కర్ వరకే కోసి, వెనక కాగితాన్ని కోయకుండా వదలడం. ఒక్కొక్కటీ ఒలిచి అంటించడానికి వీలు. ఆ ఆకారానికి చేసే కత్తి అచ్చే డై. మీ సైజుకి దగ్గర్లో వాళ్ల దగ్గర పాత డై ఉందేమో అడగండి, చాలా ప్రెస్‌లలో ఉంటాయి. ఉంటే ఆ ఖర్చు తప్పుతుంది. ప్లేట్లు అంటే అచ్చు పలకలు, వాటితో అచ్చువేసే ఫ్లెక్సో ప్రింటింగ్‌కి రంగుకొకటి కావాలి. డిజిటల్‌లో ప్లేట్లు ఉండవు. మూడు రకాల పచ్చళ్లకి తక్కువ తక్కువ కావాలంటే డిజిటల్ అడగండి. కోర్ అంటే రోల్ లోపలి అట్ట గొట్టం. 3 అంగుళాలది మిషన్‌తో అంటించేవాళ్లకి, చేత్తో అంటించేవాళ్లకి షీట్లు చాలు.

బ్లీడ్ అంటే కట్టింగ్ గీత దాటి రంగుని కాస్త బయటికి పోనివ్వడం. లేకపోతే కోత వెంట్రుకవాసి జరిగినా తెల్ల గీత కనిపిస్తుంది. కర్వ్స్ సంగతి తెలుగు లేబుల్‌కి మరీ ముఖ్యం. మన డీటీపీ వాళ్లు చాలామంది అను ఫాంట్లు వాడతారు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో ఫైల్ తెరిస్తే పేరంతా పిచ్చి గుర్తులైపోతుంది. కర్వ్స్ చేస్తే అక్షరాలు బొమ్మలుగా మారతాయి, ఎక్కడ తెరిచినా చెదరవు. ముదురు ఎరుపు మీద సన్న తెల్ల తెలుగు అక్షరాలు పెట్టించకండి, వత్తులు పూడుకుపోతాయి. పచ్చడి పేరు చదవడానికి రాకపోతే ఎంత మంచి డిజైనైనా ఎందుకు?

బిల్లింగ్ కౌంటర్
సూపర్ మార్కెట్‌కి ఇచ్చే ఉద్దేశం ఉంటే బార్‌కోడ్ గురించి కూడా చూసుకోండి. ఎరుపు గీతలు వద్దు. చాలా స్కానర్ల వెలుగు ఎరుపు కాబట్టి వాటికి అవి కనిపించవు. తెలుపు మీద నలుపే మంచిది, రెండు పక్కలా ఖాళీ వదలాలి. గుండ్రటి జారు మీద గీతలు నిచ్చెన మెట్లలా అడ్డంగా వచ్చేలా తిప్పిస్తే తేలిగ్గా చదువుతుంది.

ఇంకోటి, రొయ్యల పచ్చడికి శాకాహార గుర్తు ఆకుపచ్చ చుక్క పడకూడదు. బ్రౌన్ చతురస్రంలో బ్రౌన్ త్రికోణం ఉండాలి. మూడింటికీ ఒకే డిజైన్ వాడి పేరు మాత్రం మారిస్తే సరిగ్గా ఇక్కడే పొరపాటు జరుగుతుంది. వివరాలు తెలుగులోనే వేస్తే చాలదు, ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ తప్పకుండా ఉండాలి. తెలుగు దాంతోపాటు వేసుకోవచ్చు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రతా సంస్థ) లైసెన్సు నంబర్ మర్చిపోకండి.

నరసాపురం పచ్చళ్లు
చాలా థాంక్స్ అండి. వైట్ పీపీ, డిజిటల్, షీట్లు అడుగుతాను. తయారీ తేదీ, బ్యాచ్ నంబర్, ఎమ్మార్పీ ప్రతిసారీ మారతాయి కదా, వాటినేం చెయ్యాలి? ఇప్పుడు రబ్బరు స్టాంపు వేస్తున్నాం.

బెజవాడ లేబుల్ ప్రెస్
లామినేషన్ మీద మామూలు స్టాంపు ఇంకు ఆరదమ్మా, చెయ్యి తగిలితే చెరిగిపోతుంది. వాటి కోసం డిజైన్‌లో తెల్ల గడి ఖాళీగా వదలమనండి. లేబుల్ జారుకి అంటించే ముందే, రిబ్బన్ ఇంకుని వేడితో అంటించే థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్‌తో ఆ గడిలోనే వివరాలు కొట్టండి, విడి స్టిక్కర్ వద్దు. ఇలా చేసేట్టయితే షీట్లకి బదులు ఆ ప్రింటర్‌కి పట్టే రోల్ అడగండి. రిబ్బన్ రెసిన్ రకం తీసుకోండి. వ్యాక్స్ రిబ్బన్ కాగితానికే, పీపీ మీద గీకితే పోతుంది. రిబ్బన్ లేకుండా వేడితోనే నల్లబడే డైరెక్ట్ థర్మల్ కాగితం చవకే, కానీ ఎండకీ నూనెకీ వెలిసిపోతుంది. బస్ పార్సిల్‌లో వెళ్లే సరుకుకి అది వద్దు.

మొత్తం ఆర్డర్ ఇచ్చే ముందు అదే పీపీ మీద ఒక ప్రూఫ్ (నమూనా ప్రింట్) తీయించుకోండి. ఫోన్‌లో చూసిన ఎరుపు, ప్రింట్‌లో పడే ఎరుపు ఒకటి కావు. ఆ ప్రూఫ్‌ని జారుకి అంటించి, నూనె రాసి రెండు రోజులు ఉంచి, అప్పుడు సరే చెప్పండి.