‘ల’ వినబడితే అపాస్ట్రఫీ ఎటు?

బాయ్స్ హాస్టల్ అని ఇంగ్లీషులో రాసేటప్పుడు అపాస్ట్రఫీ (’ గుర్తు) ఎస్‌కు ముందా, వెనకా అని మొన్న ఒకరు అడిగారు. బళ్లో పిల్లలకు నేను చెప్పే కొండగుర్తు చెబుతాను. ముందు ఆ మాట తెలుగులో అనుకోండి. ‘అబ్బాయి గది’లో మనిషి ఒక్కడే, కాబట్టి ఎస్‌కు ముందు. ‘అబ్బాయిల హాస్టలు’లో బహువచనం ‘ల’ వినబడుతోంది, కాబట్టి వెనక.

ఇది బాగా అక్కరకొచ్చేది సెలవు చీటీలో. ‘ఒక రోజు సెలవు’: డే తరవాత అపాస్ట్రఫీ, ఆపైన ఎస్. ‘రెండు రోజుల సెలవు’: డేస్ అని పూర్తిగా రాసి, చివర అపాస్ట్రఫీ. ‘పదేళ్ల అనుభవం’ కూడా అంతే. పాత విద్యార్థులు రెజ్యూమె చూపిస్తే నేను మొదట దిద్దేది ఇదే. ‘నెల’లోని ల మాటలోదే సుమా, బహువచనానిది కాదు, ‘నెలల’ అంటేనే లెక్క. చిల్డ్రన్, మెన్, విమెన్‌లకు బహువచనంలో ఎస్ లేదు గనక అక్కడ ముందే.

అసలీ గుర్తు ఎక్కడిది? మనం రాయిని ‘రాతి’ చేసినట్టు పాత ఇంగ్లీషువాళ్లు ‘స్టాన్’ను ‘స్టానెస్’ చేసేవారు. తరవాత ఎస్‌కు ముందున్న ఇ జారిపోయింది. అది పోయిన చోటే ఈ అపాస్ట్రఫీ.

ఇక ‘ఇట్స్’. ‘దాని తోక’ అనేటప్పుడు అపాస్ట్రఫీ వద్దు. ‘అది కుక్క’ అనేటప్పుడు కావాలి, అక్కడ ‘ఈజ్’లోని ఐ పోయింది. హూజ్ విషయంలోనూ అంతే: ‘ఎవరి’ అయితే వద్దు, ‘ఎవరు’ అయితే కావాలి. ఇందులో తడబడే పిల్లల్ని దయచేసి కసరకండి. ‘దాని’కి ‘ఇట్స్’ అనడం ఇంగ్లీషులోనే ఆలస్యంగా కుదురుకుంది: 1611 నాటి ఇంగ్లీషు బైబిలులో ఉప్పు సారానికి కూడా ‘హిస్’ (అతని) అనే ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు అచ్చు పుస్తకాల్లోనే ‘దాని’ అనే అర్థంలో అపాస్ట్రఫీ కనిపిస్తుంది.

వ్యాఖ్య: మాస్టారూ, మేం ‘మామయ్య వాళ్ల ఇల్లు’ అంటాం. మామయ్య ఒక్కరే కదా, మరి వెనక పెట్టాలా?

జవాబు: మంచి చోట పట్టుకున్నారండీ. ఆ ల ‘వాళ్ల’ది, మామయ్యది కాదు. ఇంటిల్లిపాదినీ కలుపుకుని అలా అంటాం. ఇంగ్లీషులో అంకుల్ ఒక్కరే, కాబట్టి ముందే. ఇద్దరు మామయ్యలదీ ఒకే ఇల్లయితే ‘మామయ్యల ఇల్లు’ అంటాం, అప్పుడు వెనక.

వ్యాఖ్య: మరి టీచర్స్ డే? ‘ఉపాధ్యాయ దినోత్సవం’లో ల లేదే!

జవాబు: సమాసంలో వచనం దాగిపోతుందమ్మా. విగ్రహవాక్యం చెప్పుకుంటే ‘ఉపాధ్యాయుల దినోత్సవం’ అని బయటపడుతుంది. కాబట్టి వెనక. మదర్స్ డేకి మాత్రం ముందే. అమెరికాలో ఆ రోజు కోసం పాటుపడిన అన్నా జార్విస్ ఏకవచనమే ఉండాలని పట్టుబట్టారు. ఏ ఇంటివాళ్లు ఆ ఇంటి అమ్మను తలుచుకోవాలన్నది ఆవిడ ఉద్దేశం.