మహేంద్రగిరి కాలిబాట వానకి కోసుకుపోతోంది, ఏం చెయ్యాలి?

అందరికీ నమస్కారం. మాది ఒడిశా గజపతి జిల్లా, పర్లాకిమిడి. మహేంద్రగిరి మీద భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి ఉన్నాయి కదా, చోళుల పులి, చేపల గుర్తున్న శాసనం కూడా అక్కడే ఉంది. వాటికి వెళ్లే పాత కాలిబాటలో కొంత ముక్కని మేం ఎనిమిది మందిమి ఆదివారాలు బాగుచేస్తున్నాం. గుళ్ల రాళ్ల జోలికి వెళ్లం, అది పురావస్తు వాళ్ల పని.

సమస్యలు రెండు. కొండ 1501 మీటర్ల ఎత్తు, వాన కూడా ఎక్కువే. నీళ్లు బాట మధ్యలోంచే దిగుతాయి. నిరుడు మేం పేర్చిన మెట్టు రాళ్ల కింద మట్టంతా పోయి, కాలు పెడితే రాయి ఊడబోయే పన్నులా ఊగుతోంది. ఒక సవర తాత చూసి నవ్వి, "బాటకి అడ్డంగా, ఏటవాలుగా రాళ్లు పాతండి, నీళ్లు పక్కకి పోతాయి" అన్నాడు. ఒకచోట పాతాం, పనిచేసింది. కానీ వాలు ఎక్కువున్న చోట ఎన్ని అడుగులకొకటి పాతాలి? రాయి ఎంత లోతుండాలి?

రెండోది లంటానా, బాట మీదికి కమ్ముకొచ్చే కలుపు పొద. కత్తితో నరికితే నెలకే ఇంకా గుబురుగా లేస్తోంది. మొదలుకి కాస్త కింద, మట్టిలో వేరు కోసి మొక్కని తలకిందులుగా పెట్టాలంటారు. చేసినవాళ్లున్నారా? మందు కొట్టమని మాత్రం చెప్పకండి, కింద ఊటనీళ్లు తాగే ఊళ్లున్నాయి.

శివరాత్రికి జనం వస్తారు, ఈలోగా తేల్చాలని టెన్షన్‌గా ఉంది.