పాత చీరల బొంత: రోజుకు అరగంటే దొరికితే పని ఎలా సాగించాలి?

సూదిబెజ్జం:
అందరికీ నమస్కారం. నా దగ్గర నాలుగు పాత నూలు చీరలున్నాయి: రెండు మంగళగిరి, ఒకటి వెంకటగిరి, ఒకటి అంచులేని ప్రింటు చీర. సింగిల్ మంచానికి బొంత కుట్టాలి. పైపొర ముక్కలతో రావాలి, ఉత్త చీర పరిచినట్టు ఉండకూడదు.

ఇబ్బంది సమయంతోనే. ఉద్యోగం, ఇద్దరు పిల్లలు, ఇంట్లో పెద్దవాళ్లు. ఏకబిగిన దొరికేది రాత్రి తొమ్మిదిన్నర తర్వాత అరగంట. మిషను పెట్టేది భోజనాల బల్ల మీదే, రోజూ తీసి పెట్టాలి. హాల్లో పరిచి వదిలేద్దామంటే చిన్నవాడికి మూడేళ్లు, సూదులతో భయం.

మొత్తం ఒకేసారి పరిచే పని లేకుండా పూర్తిచేసే దారి ఉందా? బట్ట ఎంత పడుతుంది? ఇంకొక సంగతి, నాలుగు పొరలు పెట్టి మిషను మీద కుట్టి చూస్తే అడుగు పొర ముడతలు పడుతోంది. ఎందుకు?

కచ్చాకుట్టు:
ఉందండీ. ఒక్కొక్క గడిని నాలుగు పొరలతో సహా విడిగా కుట్టేసుకుని, చివర్లో గడులన్నీ కలిపే పద్ధతి మీకు సరిపోతుంది. చేతిలో ఎప్పుడూ అడుగున్నర బట్టే ఉంటుంది. పరిచే పనీ లేదు, పిన్నుల పనీ లేదు.

లెక్క ఇదీ. పూర్తయిన గడి 12 అంగుళాలు. అడ్డం 5, నిలువు 7, మొత్తం 35 గడులు. బొంత 60 x 84 అంగుళాలు వస్తుంది. పైముక్క, అడుగుముక్క 13½ అంగుళాల చదరం. మధ్యలో రెండు పొరలు, అవి 12½. మొదట్లోనే అరంగుళం ఎక్కువ ఎందుకంటే, కుట్టు పడ్డాక గడి పావంగుళం నుంచి అరంగుళం దాకా ముడుచుకుంటుంది. కుట్టాక పైముక్కనూ అడుగుముక్కనూ 13 అంగుళాలకు, మధ్య పొరలను 12కు సరిచేయాలి. కొలతకు మామూలు అట్ట వాడొద్దు, పది ముక్కలు గీసేసరికి దాని అంచు అరిగిపోయి గడులు ఒకదానికొకటి కలవవు. పాత ఎక్స్‌రే ఫిల్మును 13 అంగుళాలకు కోసుకుంటే అంచు చెక్కుచెదరదు.

అడుగుకు ప్రింటు చీర పెట్టండి. 45 అంగుళాల వెడల్పులో అడ్డంగా మూడు ముక్కలొస్తాయి, పన్నెండు వరుసలకు 162 అంగుళాల పొడవు పోతుంది. అయిదున్నర మీటర్ల చీరలో ఇంకా 54 అంగుళాలు మిగులుతుంది, అది చుట్టూ పట్టీకి దాచండి. వెంకటగిరి సన్న నూలు, రాపిడికి తట్టుకోదు. దాన్ని మధ్యలోకి పంపండి, 51 ముక్కలు వస్తాయి. మధ్యకు మొత్తం కావలసినవి 70 కనుక తక్కువైన 19 మంగళగిరిలోంచి తీయండి. పైముక్కలు రెండు మంగళగిరి చీరల్లోంచి. గడిలో నాలుగు చిన్న చదరాలు కావాలంటే ఒక్కోటి 7¼ అంగుళాలు కోసి అరంగుళం కుట్టు వదిలి కలిపితే 13½ వస్తుంది. పాత బట్టకు పావంగుళం కుట్టు వదలడం దండగ, రెండు ఉతుకులకే పోగులూడి విచ్చుకుంటుంది.

గడి కుట్టేటప్పుడు మరిచిపోకూడనిది ఒక్కటే: నాలుగు వైపులా ఒక అంగుళం పైనే కుట్టు లేకుండా వదలాలి. అంచుదాకా కుట్టేస్తే తర్వాత గడులు కలపడానికి పొరలు విడిపడవు, కుట్టు విప్పుకోవాల్సిందే.

బెత్తెడు:
గడుల పద్ధతి మంచిదే కానీ 35 గడులు కలిపే పని తక్కువేమీ కాదు, అది చాలామంది లెక్కలో వేసుకోరు. కొలతల మీద మోజు లేకపోతే ఇంకో దారి చూడండి. కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా, యల్లాపుర, హళియాళ వైపు సిద్ది తెగ ఆడవాళ్లు కుట్టే కవుది అనే బొంత. వాళ్లు ఫ్రేము వాడరు, కచ్చా వేయరు. అడుగున ఒక చీర పరుచుకుని, ఒక మూల మొదలుపెట్టి, ముక్కల అంచులు లోపలికి మడుస్తూ, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తారు. ఒళ్లో పెట్టుకుని చేసే పని. ఎక్కడ ఆపినా నష్టం లేదు, మళ్లీ అక్కడి నుంచే. ఎంత చిన్న ముక్కైనా పనికొస్తుంది. నాలుగు మూలల్లో మడత త్రికోణాలు పెట్టేదాకా బొంత పూర్తయినట్టు కాదు వాళ్లకు.

అడుగు చీరను సైజుకు కోసి, అంచు అరంగుళం లోపలికి మడిచి ఇస్త్రీ చేసుకోవాలి. 45 అంగుళాల వెడల్పు చాలదు కనుక రెండు పొడవులు కలపాలి. అడుగు పొర అతుకు సరిగ్గా నడిమిన వస్తే, మధ్య పొరకు ఒక పొడవును నిలువునా రెండుగా చీల్చి పూర్తి పొడవుకు చెరోపక్క వేయండి. అతుకులన్నీ ఒకే గీతమీద పడితే ఆ చోట తాడులా లేచి పడుకున్నప్పుడు వీపుకు తగులుతుంది.

వరుసకూ వరుసకూ మధ్య బొటనవేలి వెడల్పు. ఇందులో వచ్చే అసలు తంటా నడిమి ఉబ్బు. దారం బిగించి లాగితే చుట్టూ ముడుచుకుని, మధ్యలో మిగిలిన బట్ట గిన్నెలా లేస్తుంది. నాలుగు చుట్లకొకసారి నేలమీద పరిచి అరచేత్తో రాయండి. మధ్యలో గాలి నిలిచినట్టు కనిపిస్తే చివరి రెండు చుట్లు విప్పి దారం వదులుగా వేయాలి. ఇంకా ముందుకెళ్లాక తెలిస్తే ఏమీ చేయలేం, మడత పెట్టి పైన ముక్క వేసి కప్పడమే.

మూడేళ్ల పిల్లాడున్న ఇంట్లో గుండుసూదులు అసలు వద్దు. పొరలు కదలకుండా రెండంగుళాల కచ్చా కుట్లు, బెత్తెడు దూరంలో వరుసలు వేసుకుంటే చాలు. సేఫ్టీ పిన్నులు గుచ్చి వానాకాలమంతా బీరువాలో ఉంచితే తుప్పు మరకలు పడతాయి, అవి ఎంత ఉతికినా పోవు. చేతిసూదులు రెండే బయట ఉంచి, లేచేముందు రెండూ ఉన్నాయో లేదో చూసుకుని డబ్బా మూయండి.

మిషనుపాదం:
ముడతల సంగతి. అడుగు పొరను మిషను పళ్లు వెనక్కి లాక్కుపోతాయి, పై పొరను పాదం నొక్కి ఆపుతుంది. రెండింటి వేగం కలవదు. అందుకే గీత చివరికొచ్చేసరికి పొరలు జరిగిపోయి ఎక్కడో ఒకచోట ముడత పడుతుంది. వాకింగ్ ఫుట్ దొరికితే పెట్టండి, పైపొరను కూడా అదే వేగంతో నడిపిస్తుంది. లేకపోతే పాదం ఒత్తిడి తగ్గించండి (చాలా మిషన్లకు పైన స్క్రూ ఉంటుంది), కుట్టు పొడవు 3 నుంచి 3.5 మి.మీ. పెట్టండి, సూది 14 నంబరు వేయండి. నాలుగు పొరల అతుకుల దగ్గర సూది వంగుతుంటే 16. మొదటి గీత నడిమిన వేసి, అక్కడి నుంచి రెండు పక్కలకూ వెళ్లాలి. ఒక చివర మొదలుపెడితే మిగులు బట్టంతా రెండో చివర పోగవుతుంది. గడి చిన్నదైతే ఈ బెడద సగం తగ్గుతుంది, ఆ లెక్కన పైన చెప్పిన గడుల పద్ధతికే నా ఓటు.

అంతకంటే ముందు బట్ట పరీక్ష. చీరను కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. ఫాల్ వేసిన భాగం, భుజం దగ్గర పిన్ను గుచ్చే చోటు పలచబడి వెలుగు ఎక్కువగా దూరుతుంది. రెండు బొటనవేళ్లతో లాగితే చిరిగే భాగం మధ్య పొరకు కూడా వద్దు. రంగు పోతుందేమో చూడటానికి ఒక మూలను గోరువెచ్చని నీళ్లలో తెల్లగుడ్డతో కలిపి అరగంట ఉంచండి. ఎరుపు, నీలం చీరలతో మరీ జాగ్రత్త. కొత్త నూలు బట్ట కలపాలనుకుంటే ముందు ఉతికి ఆరేయాలి. పాత చీర కుంచించుకోవడం ఎప్పుడో అయిపోయింది, కొత్తది ఇంకా కుంచించుకుంటుంది. రెండూ పక్కపక్కన ఉంటే మొదటి ఉతుకులోనే గడి వంకరపోతుంది.

మెత్తబడిన చీర కత్తెరకింద జారుతుంది కదా, పలచటి గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే కాగితంలా నిలబడి కొలత తప్పదు. కానీ ఆ వారంలో కోసేంత బట్టకే పెట్టండి. గంజి బట్ట నెలల తరబడి మూల పడేస్తే బొద్దింకలు, పురుగులు పడతాయి.

సూదిబెజ్జం:
చాలా థాంక్సండీ. గడుల పద్ధతే చేస్తాను. రెండు సందేహాలు. గడి మధ్యలో కుట్టు చేత్తో వేయాలనుంది, దారం ఏది, ఎంత? మంగళగిరి జరీ అంచు పైన కనిపించేలా వాడుకోవచ్చా?

కచ్చాకుట్టు:
జరీ అంచు కప్పుకునే బొంతకు వద్దు. గీసుకుంటుంది, ఉతికేకొద్దీ జరీ పోగులు లేస్తాయి, మిషను సూది మొద్దుబారుతుంది. అంత ఇష్టమైతే గోడకు వేలాడేసేదానికి దాచుకోండి.

దారం 8 నంబరు పెర్ల్ కాటన్ (మెలితిప్పిన ఎంబ్రాయిడరీ నూలు దారం). ఉండకు ఎనభై మీటర్ల పైచిలుకు వస్తుంది. గడిలో అంగుళానికొక వరుస చొప్పున లెక్కేస్తే దాదాపు 100 అంగుళాల కుట్టు, ముడులు, కొసలతో కలిపి మూడున్నర మీటర్లు. 35 గడులకు రెండు ఉండలు సరిపోతాయి. సూదికి ఒకటిన్నర మూర మించి ఎక్కించొద్దు, బారెడు ఎక్కిస్తే చివరి భాగం నాలుగు పొరల్లోంచి దూరి దూరి నలిగి పీచు లేస్తుంది. చేయి తిరిగాక గడికి అరగంట పడుతుంది. అంటే మీకు రాత్రికొకటి.

అలా సాగాలంటే రాత్రి అరగంటలో కత్తిరింపు, ఇస్త్రీ, మిషను పెట్టకండి. బల్ల తుడిచి, మిషను తెచ్చి, దారం ఎక్కించేసరికి పావుగంట అక్కడే పోతుంది. ఆ మూడూ ఆదివారం పొద్దున ఒకే దఫాలో కానివ్వండి. పైముక్కల చదరాలు జతలు జతలుగా పెట్టి, మధ్యలో దారం తెంపకుండా ఒకదాని వెనక ఒకటి మిషనులోకి పంపితే గంటలో పది గడుల పైభాగాలు తయారవుతాయి. బాబిన్లు మూడు నాలుగు ముందే చుట్టి ఉంచండి. తర్వాత ఒక్కో గడికి నాలుగు పొరలూ దొంతర పెట్టి, నడిమిన అడ్డం ఒకటి నిలువు ఒకటి కచ్చా వేసి, సుద్దముక్కతో గీతలు గీసి, ఏడింటిని ఒక మిఠాయి డబ్బాలో సర్దండి. వారానికి సరిపోతాయి. రాత్రి డబ్బా తీస్తే సూది, దారం, గడి అన్నీ అందులోనే ఉండాలి. ముదురు రంగు గడులను పగటికి ఉంచండి, ట్యూబులైటు కింద నీలం మీద నీలం దారం కనపడక కళ్లు లాగుతాయి. పిల్లల హోంవర్కు దగ్గర కూర్చునే సమయం కూడా ఈ పనికి పనికొస్తుంది, మిషను చప్పుడుకైతే వాళ్లు చదవరు.

35 పూర్తయ్యేదాకా కలపకుండా ఆగొద్దు. అయిదు గడులు కాగానే ఒక వరుస కలిపేయండి. అడుగుముక్కలను వెనక్కి మడిచి, రెండు గడుల పైముక్కలు ఎదురెదురుగా పెట్టి అరంగుళంలో మిషను కుట్టు వేయాలి. మధ్య పొరల అంచులు ఒకదానికొకటి తగిలి ఆగాలి, ఒకదాని మీదికి మరొకటి ఎక్కితే గట్టు కడుతుంది, కత్తెరతో తీసేయండి. ఇప్పుడు బోర్లించి, ఒక గడి అడుగుముక్కను చదునుగా పరిచి, రెండోదాన్ని అరంగుళం మడిచి దానిమీద ఎమ్మింగ్ చేయాలి. ఎమ్మింగ్ కుట్టు పైపొరలోకి దిగకూడదు. వరుసలు కలపడమూ ఇంతే, 60 అంగుళాల పొడవు. అప్పటికి బొంత బరువు మిషను కిందికి లాగుతుంది కనుక పక్కన కుర్చీ వేసి దానిమీద మోపండి.

పట్టీకి చుట్టుకొలత 288, మూలలకు కలిపి 300 అంగుళాలు కావాలి. దాచిన 54 అంగుళాల ముక్కలోంచి రెండున్నర అంగుళాల వెడల్పున ఆరు పట్టీలు తీసి, ఏటవాలుగా అతికితే 311 వస్తుంది. అంచులు తిన్ననివే కనుక క్రాస్ పట్టీ (బట్టను ఏటవాలుగా కోసి తీసే పట్టీ) అక్కర్లేదు. అది కూడా అయ్యాక మొదటి ఉతుకు చల్లనీళ్లలో, విడిగా.